మావిస్ వంగని నడుము

ట్రైలర్ల నీళ్ళ ట్యాంకుల గురించి మావిస్ టాకెట్‌కి తెలియనిది లేదు. తెలిసింది తన చేత్తో చేసిపెట్టడం మాత్రం ఆవిడ చరిత్రలోనే లేదు.

చలికాలం గడపడానికి కారు వెనక ఇళ్ళలాంటి ట్రైలర్లు లాక్కుని అరిజోనా ఎడారికి చేరిన ముసలివాళ్ళలో ఎవరు "ట్యాంకు కారుతోంది" అన్నా, ఆవిడ మడతకుర్చీ చంకన పెట్టుకుని, ఐసు టీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యేది. ట్రైలర్ పక్కన తీరిగ్గా కూర్చునేది.

"ఊఁ, దూరు కిందకి."

"నేనా?"

"మరి నేనా? నా నడుం వంగదు."

శనివారం డాన్సులో ఆ నడుం నాలుగు దిక్కులా వంగేది. పొరుగాయన రస్ ఆ మాటే అడిగేశాడు.

"డాన్సుకి వంగే ఎముక వేరు" అందావిడ.

ఆ ఏడు రొవీనా ఒంటరిగా వచ్చింది. వసంతంలో భర్త ఎల్డన్ పోయాడు. ట్రైలర్‌ని కారుకి తగిలించి లాక్కురావడం ఎలాగో నేర్చుకుంది కానీ, దాని అడుగున ఏముందో ఎన్నడూ చూడలేదు. పొద్దున నింపిన ట్యాంకు సాయంత్రానికి ఖాళీ. ట్రైలర్ అమ్మేద్దామని కొడుకు డారెల్ బేరగాణ్ణి కుదిర్చాడు, అతను ఆదివారం వస్తాడన్నాడు. అంతదాకా కారకుండా ఉంటే చాలనుకుని రొవీనా మావిస్‌ని పిలిచింది. తీరా చూస్తే తనే కంకర మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"ఎక్కడ కారుతోంది?" కుర్చీలోంచి మావిస్.

"వెనక చక్రం దగ్గరండీ."

"అక్కడ పడుతోందంటే అక్కడే కారుతోందని కాదు. నీళ్ళు అడుగురేకు మీద పాకి, సందు దొరికిన చోట దూకుతాయి. రేకు స్క్రూలు విప్పు."

"నాకు విప్పడం రాదు."

"బిగించడం వచ్చా?"

"అదీ రాదు."

"మంచిదే. రెండూ కలిసే వస్తాయి."

పంపు ఆపినా చుక్కలు ఆగలేదు. అంటే లోపలి గొట్టాల తప్పు కాదు, ట్యాంకు దగ్గరే ఏదో ఉంది. సగం నింపితే పొడిగా ఉంది. నిండా నింపితే మళ్ళీ ధార.

"అయితే... కారేది పైభాగంలోనా?" అంది రొవీనా.

"నేనేం అనలేదు. నువ్వే అన్నావు."

ట్యాంకు పైనున్న ప్రతి అతుకు చుట్టూ కాగితపు తువ్వాలు చుట్టింది. నీళ్ళు నింపే గొట్టం దగ్గరి తువ్వాలే తడిసింది. అక్కడ గొట్టాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ వదులైంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పింది. గొట్టం ఊడి ముఖమంతా నీళ్ళు కొట్టాయి.

"అటు కాదు" అంది మావిస్, టీ చప్పరిస్తూ.

రొవీనాకి ఒళ్ళు మండిపోయింది. "మీకిది రెండు నిమిషాల పని! నన్నెందుకిలా బురదలో పొర్లిస్తారు? ఎల్డన్ ఉంటే నాకీ గతి పట్టేదా?" అంటూ అక్కడే భోరుమంది.

గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. మరుక్షణం మావిస్ తొండలా సర్రున దూరి, పక్కనే బురదలో పడుకుంది.

"మీ నడుం!"

"నోర్ముయ్. మా ఆయన పోయాక నా ట్రైలరూ ఇలాగే కారింది. రోడ్డు పక్కన కూర్చుని, ఎవరైనా మగాడు రాకపోతాడా అని ఏడుస్తూ ఎదురుచూశాను. మొదట వచ్చినవాడికే ఇచ్చినంతకి అమ్మేశాను. వాడు నా కళ్ళముందే, సిగరెట్టు నోట్లోంచి తియ్యకుండా, ఒక్క పట్టీ బిగించాడు. అంతే, ఆగిపోయింది. ఈ చోట ఇంకే ఆడదీ అలా అమ్ముకోకూడదు. గొట్టం ఎక్కించు. ఇప్పుడు ఇటు తిప్పు, అమ్మాయ్."

అప్పుడు కూడా ఆవిడ చేతులు గుండెల మీద ముడుచుకునే ఉన్నాయి. వేలైనా కదపలేదు.

రొవీనా తిప్పింది. మళ్ళీ నిండా నింపారు. ఇద్దరూ పడుకుని చాలాసేపు చూశారు. ఒక్క చుక్క రాలేదు.

బయటికి పాకుతూనే రొవీనా కొడుక్కి ఫోను చేసింది. "ఆ మనిషిని రావద్దను. ట్రైలర్ అమ్మను."

"మళ్ళీ కారితేనో?"

"కారితే కిందకి దూరతాను."

"అమ్మా, నీ మాటేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదురా" అంది రొవీనా, పకపకా నవ్వుతూ. "నోట్లో మట్టి ఉంది."