మడతక్క ఇచ్చిన మాట

మా పిన్నిని ఆఫీసులో అందరూ మడతక్క అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. నేను బడి మానేసి ఆమె దగ్గరికి వచ్చేసరికే ఆ పేరు పాతబడిపోయింది.

పిన్ని చేరినప్పుడు అది రేకుల షెడ్డులో ఉన్న చిన్న ప్రెస్సు. కరపత్రాలు అచ్చువేసేవారు. యజమానికి అప్పటికి మీసాలు సరిగ్గా రాకపోయినా అందరూ పెద్దాయన అనేవారు. ఆయన నాలుగు పేజీల పేపరు మొదలుపెట్టాడు. మడత మిషను కొనే స్తోమత లేక ఆడవాళ్ళను వరుసగా కూర్చోబెట్టి చేత్తో మడత పెట్టించేవాడు. కట్టలు ఆలస్యమైతే తనూ వచ్చి వాళ్ళ మధ్య కూర్చునేవాడు.

"మీరు లేవండి బాబూ, మీరు పెట్టినవన్నీ మళ్ళీ మేం విప్పి పెట్టుకోవాలి" అనేదట పిన్ని. ఆయన పడీపడీ నవ్వేవాడట.

పేపరుకి వారపత్రిక తోడైంది. తర్వాత రేడియో, ఆ తర్వాత టీవీ. షెడ్డు పోయి అద్దాల మేడ లేచింది. మిషను రాగానే మడతపెట్టే ఆడవాళ్ళను మాన్పించేశారు. పిన్నిని మాత్రం పెద్దాయన ఆపాడు. "ఈవిడ చేతిలో కాగితమే అంత బుద్ధిగా ఉంటే బట్టలింకెలా ఉంటాయో" అని వార్తలు చదివేవాళ్ళ బట్టల గదికి పంపాడు.

ఆ గదికి కిటికీ లేదు. ఒక నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా కోట్లు. వార్తలు చదివేవాళ్ళు బల్ల వెనక కూర్చుంటారు కాబట్టి నడుము పైనే సింగారం. పెద్దన్న అనే సీనియర్ న్యూస్‌రీడరు మెడకి టై, కాళ్ళకి రబ్బరు చెప్పులతో దేశదేశాల వార్తలు చదివేవాడు. "నేను లేచి నిలబడితే మన చానల్ పరువు పోతుంది మడతక్కా" అనేవాడు. "మీరు కూర్చునే బతకండి, నాకు ప్యాంట్ల ఇస్త్రీ తప్పుతుంది" అనేది పిన్ని.

అక్కడ ఒక నియమం ఉండేది. తెరమీద కనిపించే ప్రతివాళ్ళ గుండెల మీదా కంపెనీ గుర్తు ఉండాలి. ఇత్తడి బిళ్ళ, వెనక పిన్ను.

కష్టాలు ఎప్పుడు మొదలయ్యాయో పిన్నికీ తెలియదు. పెద్దాయన అప్పుచేసి ఒక చానల్ కొన్నాడు. అది నిలదొక్కుకోకముందే ఇంకోటి కొన్నాడు. ప్రకటనలిచ్చేవాళ్ళు మెల్లగా ఫోన్ల వైపు వెళ్ళిపోయారు. ముందు క్యాంటీన్ మూతపడింది, తర్వాత లిఫ్టు ఆగింది, ఆ తర్వాత ఏసీలు ఆపేశారు. ఇంట్లో నేను ఆయన్ని ఏదో అనబోతే పిన్ని ఒప్పుకునేది కాదు. "ఆశ కాదే. ఆయనకి ఆగడం చేతకాలేదు, అంతే" అనేది.

చివరికి కోట్లు అరువిచ్చే షాపులు కూడా ముఖం చాటేశాయి. కార్యక్రమం చివర షాపు పేరు వేస్తామని ఇన్నాళ్ళూ తెచ్చుకునేవారు, ఇప్పుడు ఆ పేరు వేయించుకోవడమే షాపులవాళ్ళకి నామోషీ అయింది. మా వీధి చివర ఒక ముసలాయన చిన్న కోట్ల షాపు నడుపుతాడు. పిన్ని స్వయంగా వెళ్ళి ఆయన్ని అడిగింది.

"మీ కంపెనీకైతే నూలుపోగు కూడా ఇవ్వను" అన్నాడాయన. "నీకైతే ఇస్తా. చెడితే మాట నీదే పోతుంది మరి."

"నాదే బాబాయ్. ఎలా తీసుకెళ్ళానో అలా తెచ్చి మీ చేతిలో పెడతాను."

ఆరోజు నుంచి పిన్నికి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఏసీ లేని స్టూడియోలో చెమట పడుతుందని చంకల దగ్గర మెత్తటి గుడ్డలు లోపల అతికించింది. పిన్ను గుచ్చితే కొత్త కోటుకి చిల్లు పడుతుందని ఇత్తడి బిళ్ళలు పక్కన పెట్టేసి, గుడ్డ మీద కుట్టిన గుర్తులు చేయించి వదులు దారంతో పైపైన కుట్టింది. ఆ అరువు కోట్ల మీద ఆమెకున్న శ్రద్ధ అంతా ఆ కుట్లలోనే ఉంది.

అదే ఆమె మెడకి చుట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే పెద్దన్న ఫోన్ చేశాడు. బ్యాంకువాళ్ళు వచ్చారట, మధ్యాహ్నానికి మేడకి తాళం పడుతుందట. పిన్ని చెప్పులు వేసుకుంటూనే "కోట్లు మోయాలి, నువ్వూ రా" అంది. మెట్లన్నీ ఎక్కి వెళ్ళేసరికి బట్టల గదిలో ఒక కుర్ర ఆఫీసరు కనిపించిన ప్రతిదానికీ జప్తు అని రాసిన అట్టముక్క అంటిస్తున్నాడు. అద్దానికి, ఇస్త్రీ బల్లకి, కోట్లకి కూడా.

"సార్, ఆ కోట్లు కంపెనీవి కావు. అరువు తెచ్చినవి" అంది పిన్ని.

"కంపెనీ గుర్తు ఉంది కదమ్మా వీటి మీద."

"నేనే కుట్టాను సార్."

"పరాయి సొత్తుకి తమ గుర్తు ఎవరైనా కుట్టుకుంటారా? రాతకోతలేమైనా ఉన్నాయా?"

"మాట మీద తెచ్చాను."

అతను చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు. "మాటకి అట్టముక్క అంటించలేనమ్మా" అన్నాడు మెల్లగా. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. బయటికి వచ్చి షాపు ముసలాయనకి ఫోన్ చేయడం మాత్రం చేశాను.

ఆయన మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. వచ్చీ రాగానే కోట్ల మీద గుర్తులు చూశాడు.

"ఏమిటిది? నా కోట్ల మీద మీ బొమ్మలా! నా షాపేమైనా మీ కంపెనీకి ఇల్లరికం వచ్చిందా? ఏమ్మా, ఎలా తీసుకెళ్ళానో అలా ఇస్తానన్నావే, ఇదేనా ఇవ్వడం?"

"పిన్ను గుచ్చితే చిల్లు పడుతుందని బాబాయ్..."

"చిల్లు పడితే పడేది! దివాలా గుర్తు పెట్టుకున్న కోటు నా దగ్గర ఎవడు కొంటాడు? వీళ్ళ నీడ పడితేనే బేరాలు రావడం లేదు!"

ఆయన అలా ఆఫీసరుని కూడా కలిపి తిట్టేస్తూ ఒక కోటు లాక్కుని గుర్తుని పట్టి పీకాడు. దారం ఒక్క లాగుకి జారి వచ్చేసింది. ఆయన కోటుని వెలుతురుకి పెట్టి చూశాడు. చిల్లు లేదు, మచ్చ లేదు. చంకల దగ్గర అతికించిన గుడ్డలు వేలితో తడిమాడు. తిట్టు మధ్యలోనే ఆగిపోయింది.

ఆఫీసరుకి నవ్వొచ్చింది. "సొంతం కాని వస్తువు కోసం ఇంత తిట్టే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు తాతగారూ. గుర్తులు ఇక్కడ వదిలేసి, ఒక సంతకం పెట్టి తీసుకెళ్ళండి."

పిన్ని నేలమీదే కూర్చుని ఒక్కొక్క గుర్తూ విప్పి బల్ల మీద పేర్చింది. మెట్ల దగ్గరికి వచ్చి చూస్తే పై అంతస్తులో పెద్దాయన గది తలుపు వేసే ఉంది. పిన్ని అటు ఒకసారి చూసింది కానీ వెళ్ళలేదు. "ఇప్పుడు వెళ్తే ఆయన నా ముఖం చూడలేడే" అంది.

కోట్లు భుజాల మీద వేసుకుని ముగ్గురం షాపుకి నడిచాం. ముసలాయన వాటిని కొక్కేలకి తగిలించడం మొదలుపెట్టాడు.

"ఒక్కొక్కటీ చూసుకోండి బాబాయ్. కాలర్లు, చేతులు... అన్నీ."

"చూడ్డానికేముంది."

"మాటిచ్చాను కదా. మీరు చూస్తేగానీ నాకు తీరదు."

"ముందు కూర్చో తల్లీ" అన్నాడాయన, స్టూలు జరిపి.

పిన్ని కూర్చుంది. షెడ్డు నుంచి మేడదాకా అన్నాళ్ళ ఆ ఉద్యోగం పోయిందని నాకు అర్థమైంది ఆ క్షణంలోనే, ఆమె కొంగుతో కాదు, రెండు చేతులతో ముఖం కప్పుకున్నప్పుడు. ముసలాయన అటు తిరిగి, దుమ్ములేని కోట్లని బ్రష్షుతో చాలాసేపు దులుపుతూ నిలబడ్డాడు.