డాక్టరమ్మ కారు, వెనక ఎడమ షాక్

జగిత్యాల జిల్లా అయిన మరుసటి ఏడాది నేను అక్కడి ఒక ప్రైవేటు కార్ల వర్క్‌షాపులో వర్క్స్ మేనేజరుగా చేరాను. మా దాంట్లో వరుస ఇలా ఉండేది: బండి తీసుకుని ఫిర్యాదు రాసుకునేవాడు అడ్వైజరు, పని పంచేవాడు ఫోర్‌మన్, చేసేవాడు మెకానిక్. పని పూర్తయిన బండిని నడిపి చూసి, బయటికి పోవచ్చని సంతకం పెట్టేది వర్క్స్ మేనేజరు. ఆ సంతకం తరవాత బండికి ఏమైనా జరిగితే మొదటి జవాబు అతనే చెప్పాలి.

ఆ ఏడాది బతుకమ్మ పండుగకు ముందు, కోరుట్ల నుంచి లారీ మీద ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనినట్టు ఉంటుంది. ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అది డాక్టర్ వసుంధరమ్మ గారిది. కోరుట్లలో ఆమె కాన్పుల డాక్టరు. చుట్టుపక్కల సగం ఊళ్ల పిల్లలు ఆమె చేతుల మీదనే పుట్టారు, మా మెకానిక్ సలీంతో సహా. భర్త పోయాక ముచ్చటపడి తన సంపాదనతో కొనుక్కున్న కారు అది. మా జిల్లాలోని ఇబ్రహీంపట్నం దాకా పేషెంట్లను చూడటానికి అందులోనే వెళ్లేది.

జరిగింది ఇది. సిరిసిల్లలో కాలేజీ లెక్చరరుగా ఉన్న బిడ్డ స్వప్నను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తుండగా, కథలాపూర్ దాటాక ఒక మలుపులో, కల్వర్టు మీద గతుకు తగిలి కారు వెనకభాగం పక్కకు జారింది. బండి మక్క చేనులోకి దిగిపోయింది. తల్లికి ఏమీ కాలేదు, బిడ్డకు మణికట్టు విరిగింది. స్వప్న ఆసుపత్రిలోనే తల్లి దగ్గర తాళాలు తీసుకుందట. ఇంక నడిపింది చాలు, బాగుచేయించి అమ్మేద్దాం అందట. డాక్టరమ్మ ఎదురు చెప్పలేదు.

సొట్టలు తీసే డెంటింగు పని జరుగుతుండగా ఒకరోజు ఆమె బస్సెక్కి ఒక్కతే జగిత్యాల వచ్చింది. నా గదిలో కూర్చుని టీ వద్దంది.

"మల్లేశం గారూ, బ్రేకు కొట్టిన, స్టీరింగు సరిగ్గనే పట్టిన. ఐనా బండి నా మాట ఇనలే. గట్లని నేననుకుంటున్ననో, నిజంగనే గట్లయిందో నాకు తెలుస్తలేదు. తప్పు నాదైతే నాదని చెప్పుండ్రి. నా బిడ్డ చెయ్యి ఇరిగింది. నాకు తెలియాలె."

ఆమె వయసు డెబ్బైకి దగ్గర. ఆ వయసులో డ్రైవరు మీద అనుమానం రావడం సహజమే, నాకూ వచ్చింది. చూసి చెప్తానని మాత్రం అన్నాను.

ఆ కారుకు ఉన్నవి సర్దుబాటు చేసే షాక్ అబ్జార్బర్లు. గతుకు మీద స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఆపేది షాక్. మామూలువాటికి ఒకటే పట్టు. వీటికి కింద ఒక నాబ్ ఉంటుంది, తిప్పితే మెత్తగానో బిరుసుగానో అవుతుంది. బయటికి నాలుగూ బాగానే కనిపించాయి, ఎక్కడా ఆయిలు కారలేదు. బండి మూలల మీద చేతులతో అదిమి వదిలితే మూడు మూలలు కాస్త ఊగి నిలిచాయి. వెనక ఎడమ మూల మాత్రం ఊగుతూనే ఉంది.

సలీం ఆ షాక్ విప్పి బల్ల మీద నిలబెట్టాడు. నాబ్ తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడైతే వస్తోంది. కడ్డీని అదిమితే వాచరు పోయిన సైకిలు పంపులా జర్రున దిగిపోయింది. లోపలి వాల్వు విరిగి ఎన్నాళ్లయిందో. మలుపులో గతుకు తగిలినప్పుడు ఆ చక్రం నేలను వదిలి ఎగిరి ఉంటుంది. చక్రం నేల మీద లేకపోతే ఎవరు నడిపినా ఒకటే.

సలీం సంబరంగా, డాక్టరమ్మకు ఫోన్ చేద్దాం సార్ అన్నాడు. చేశాను. బండిలో తప్పు ఉంది, మీలో లేదని మాత్రం ఇంకా చెప్పలేను అన్నాను. అవతల ఆమె నవ్వింది.

"ఒక రిపోర్టు అచ్చింది, ఇంకోటి రావాలె, అంతేగద. మంచిది. తొందరపడకుండ్రి."

షాక్ ఒక్కటే మార్చకూడదు. కొత్తది ఒకలా, పాతది ఒకలా పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. మిగతావీ అరిగినవే కాబట్టి నాలుగూ మార్చాం. ఆ మోడలువి దొరక్కపోతే, కోయంబత్తూరులో రేసు కార్లకు పనిచేసే ఒక చిన్న వర్క్‌షాపులో కొలతలిచ్చి చేయించాం. బిగించేటప్పుడు ఒక నియమం ఉంది: జాకీ మీద ఉండగా బోల్టులు వదులుగానే ఉంచి, బండి తన బరువు మీద నేల మీద నిలిచాకే చివరి బిగింపు వేయాలి. లేకపోతే బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు మెలికపడి తొందరగా చిరిగిపోతాయి. నాబ్‌లు నాలుగూ మెత్తటి వైపు నుంచి మొదలుపెట్టి, రోడ్డు మీద చూసుకుంటూ కొంచెం కొంచెం బిగించాం.

నేను నడిపి చూశాక రెండో పరీక్షకు డాక్టరమ్మను రమ్మన్నాను. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. కోరుట్ల దాటి అదే మలుపుకు వెళ్లాం. చేతిలో తొందర లేదు, మలుపుకు ముందే వేగం తగ్గించింది, కల్వర్టు మీద బండి ఒక్కసారి ఊగి నిలిచింది. ఆ పక్కన స్వప్న ఎదురుచూస్తోంది. సిరిసిల్ల నుంచి రమ్మని నేనే కబురు చేశాను. చేతికి ఇంకా పట్టీ ఉంది.

చక్రం ఎలా పడుతోందో బయటినుంచి చూడాలి అని నేను దిగాను. అది నిజమే. సీటు ఖాళీ అయిందన్నదీ నిజమే. స్వప్న తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. తల్లి రమ్మనలేదు, ముందుకే చూస్తూ కూర్చుంది. స్వప్న ఎక్కి బెల్టు పెట్టుకుంది.

రెండుసార్లు వెళ్లి వచ్చారు. వెనక ఎడమ చక్రం రెండుసార్లూ నేలను వదల్లేదు. స్వప్న కళ్లు తుడుచుకుంటూ దిగింది. ఆమెకు పాత షాక్ సంగతి వివరించి, ఆ రోజు ప్రమాదం మీ అమ్మవల్ల కాదని చెప్పాను. అక్కడితో ఆగితే అందరికీ బాగుండేది. కానీ బండి తిప్పడానికి రివర్సు చేసినప్పుడల్లా డాక్టరమ్మ మెడ తిప్పలేదు, అద్దాల్లోనే చూసింది. నేనున్నప్పుడు ఒకసారి కిలోమీటరు రాయికి బెత్తెడు దూరంలో ఆగింది. అదీ చెప్పాను, బిడ్డ ముందే.

ఆమె కోపగించుకోలేదు.

"మెడ తిరుగక మస్తు రోజులైంది. చెప్తే తాళాలు గుంజుకుంటరని ఎవ్వలకు చెప్పలే."

బండి మళ్లీ తిప్పాల్సి వచ్చింది. స్వప్న కారు వెనక్కి వెళ్లి, పట్టీ లేని చేయి ఎత్తి నిలబడింది.

"రా అమ్మా. ఇంకొంచెం రా. ఆఁ, ఆపు."

కారు అమ్మలేదు. వెనక కెమెరా ఒకటి పెట్టించాం, ఇంటి గేటు దగ్గర మాత్రం ఎవరో ఒకరు నిలబడాలని ఒప్పందం. ఆ తరవాత డాక్టరమ్మ చాలాకాలం నడిపింది.

ప్రమాదం జరిగిన బండి వస్తే డ్రైవరు వయసు అడిగే ముందు నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని చూడాలని ఆ పనితో నాకు అలవాటైంది. బండిలో తప్పు దొరికినంత మాత్రాన పరీక్ష అయిపోయినట్టు కాదు, నడిపే మనిషినీ చూడాలి. చూసిన రెండూ చెప్పాలి. సగం చెప్పి సంతకం పెట్టకూడదు.