తోలేవాడు లేని బండి

మా ముత్తాత కోట అనే ఊరి చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు పెద్దమనిషి. గట్టు తగాదా అయినా, నీటి వంతు అయినా ఆయన అరుగు మీదే తేలేది. ఆయన కొడుకు, అంటే మా తాత, మొలగొలుకుల వరి పండే నూట నలభై ఎకరాల మాగాణికి యజమాని. ఆ ప్రాంతంలో ఆయిలు ఇంజనుతో బియ్యం మిల్లు పెట్టిన మొదటివారు. ఆయన వీధిలో నడుస్తుంటే బండ్ల మీద వెళ్ళేవాళ్ళు దిగి నిలబడేవారు. మా నాయన చేతికి వచ్చేసరికి మాగాణి చాలావరకు పోయి, మిల్లు మిగిలింది.

వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, ఆ తరువాత మిల్లుకు చేర్చాలి. కల్లానికీ మిల్లుకూ మధ్య రెండు వందల గజాల దూరం ఉండేది. ఆ దారిన బస్తాలు మోసేది ఒక ఒంటెద్దు బండి. దానికి తోలేవాడు లేడు. కల్లంలో బస్తాలు వేసి ఎద్దు వీపు మీద చేత్తో తడితే చాలు, అది బయలుదేరి, ఉడకబెట్టే తొట్ల పక్కగా మలుపు తిరిగి, మిల్లు గడప ముందు ఆగేది. బస్తాలు దించి మళ్ళీ తడితే ఇంజను గదిని చుట్టి కల్లానికి వెళ్ళేది. పగ్గం దాని మూపు మీద వదులుగా పడి ఉండేది.

బండి వస్తుంటే ఎంతటివాళ్ళయినా ఆగి దారి ఇవ్వాలని తాత నియమం పెట్టారు. ఆయనా ఆగేవారు. ఎవరికీ దారి ఇచ్చి ఎరగని మనిషి, చేతులు వెనక్కి కట్టుకొని ఎద్దు దాటేవరకు నిలబడేవారు. పనివాళ్ళు కూడా తట్టలు దించి నిలబడేవారు. సముద్రం వైపు నుంచి గాలి, ఉడికిన వడ్ల ఆవిరి, చక్రాల చప్పుడు.

ఈ మధ్య నాయుడుపేట దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీ చూడటానికి వెళ్ళాను. నేల మీద అతికించిన నల్ల పట్టీ వెంట, మనిషి లేకుండా, పెట్టెలు మోసుకుంటూ ఒక చిన్న బండి వచ్చింది. ఆగవలసిన చోట ఆగింది. ఇలాంటిది ఇంతకుముందు చూసి ఉండరు అన్నాడు వెంట ఉన్న ఇంజనీరు. నేను పక్కకు జరిగి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. ఆ రోజంతా నాకు మా కల్లం తప్ప మరొకటి తోచలేదు.

ఎద్దుకు ఆ నడక నేర్పింది కల్లంలో వడ్లు తిరగేసే ముసలమ్మ. కల్లం దగ్గర ఒకటి, మిల్లు గడప దగ్గర ఒకటి, రెండు కుడితి తొట్లు పెట్టించింది. తవుడు కలిపిన బకెట్టు పట్టుకొని నెల రోజులు దాని ముందు నడిచింది. ఆ తరువాత అదే నడిచింది. మా నాయన మాత్రం ఈ మాట ఒప్పుకునేవారు కాదు. తాత కొన్న ఆవు సంతతి కాబట్టి ఆ ఎద్దుకు ఆ మర్యాద పుట్టుకతో వచ్చిందని ఆయన నమ్మకం.

అరవైలు వచ్చేసరికి వాకాడు వైపు కరెంటు మిల్లులు లేచాయి. మాకు వడ్లు రావడం తగ్గింది. అప్పుడు చిట్టమూరు నుంచి పెద్ద వ్యాపారి ఒకాయన, తన వడ్లన్నీ ఒకే మిల్లులో ఆడించాలనుకుంటున్నాననీ, మా మిల్లు చూడటానికి వస్తాననీ కబురు పంపాడు. ఆ వడ్లు వస్తే మిల్లు నిలుస్తుంది. రాకపోతే మూయవలసిందే.

నాయన గోడలకు సున్నం కొట్టించారు. ఎద్దు కొమ్ములకు రంగు వేయించి, మెడలో గంటల పట్టెడ కట్టించారు. వ్యాపారి వచ్చే రోజు పొద్దున కుడితి తొట్లు రెండూ తీసి గోదాము వెనక పెట్టమన్నారు.

"తొట్టి లేకపోతే అది నిలబడదయ్యా" అంది ముసలమ్మ.

"పెద్దమనిషి వచ్చేటప్పుడు ఈ కంపు ఆయన ముక్కుకు తగలాల్నా? పదేళ్ళ నుంచి నడిచే దారి. మన ఇంటి ఆవుకు పుట్టింది, మరిచిపోతాదా?"

"మీ ఇంటి ఆవుకు పుట్టినా కడుపు దాని కడుపే కదయ్యా. అది మీ తాతల్ని చూసి వస్తా ఉండాదా, తవుడును చూసి వస్తా ఉండాదా?"

నాయన గోదాము వైపు చెయ్యి చూపించారు. ఆమె తొట్లు దొర్లించుకుంటూ పోయింది.

వ్యాపారి వచ్చి గడప ముందు కుర్చీలో కూర్చున్నాడు. అవతల కల్లంలో బస్తాలు వేసి ఎద్దును తట్టారు.

"తోలేవాడు యాడన్నా?" అని అడిగాడు.

"అక్కర్లేదు. అదే వస్తాది."

ఎద్దు చక్కగానే వచ్చింది. మలుపు తిరిగింది. గడప ముందుకు వచ్చి, తొట్టి ఉండే చోట నేల వాసన చూసింది. తల ఎత్తి గాలి పీల్చి, గోదాము వైపు నడక సాగించింది. పనివాడు ఒకడు పగ్గం కోసం చెయ్యి చాచాడు.

"ఎవరూ పట్టుకోబాకండి" అన్నారు నాయన. "అదే తిరుగుతాది."

ఇక పట్టుకోగలిగింది ఇంటివాళ్ళే. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పగ్గం నాకు మూడు అడుగుల దూరంలో వెళ్ళింది. అది ఎక్కడికి పోతున్నదో నాకు తెలుసు, దారిలో మురుగు కాలువ ఉన్నదనీ తెలుసు. పనివాళ్ళ ముందు పగ్గం పట్టడం మా ఇంట్లో మగవాళ్ళకు లేదు. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. చక్రం కాలువలో దిగబడి, బండి ఒరిగి, బస్తాలు పగిలి వడ్లు బురదలో కలిశాయి. ఎద్దు మెడలో గంటలు చాలాసేపు మోగాయి.

వ్యాపారి మంచివాడే. "పశువు కదన్నా. ఎవరో ఒకరు పగ్గం పట్టుకోని ఉంటే సరిపోయేది" అన్నాడు.

"మా కల్లంలో పగ్గం పట్టే అలవాటు లేదు" అన్నారు నాయన.

వ్యాపారి సరే అని మజ్జిగ తాగి వెళ్ళాడు. నాలుగు రోజులకు ఆయన వడ్ల బండ్లు మా వాకిలి ముందు నుంచే వాకాడు దారి పట్టాయి. నాయన అరుగు మీద కూర్చుని చివరి బండి దాకా చూశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

తొట్లు మళ్ళీ పాత చోట్లకు వచ్చాయి. ఎద్దు మునుపటిలాగే వచ్చి గడప ముందు ఆగేది. తెచ్చేది రెండు మూడు బస్తాలు. నేను పొద్దున్నే వెళ్ళి, దానికి దారి ఇచ్చి నిలబడేవాణ్ణి. ఆ నడక ఇంకొక్కసారి చూడాలని ఈ వయసులోనూ ఉంది.

మరుసటి ఏడు పంట కోతలకు ముందు మిల్లు అమ్మేశాము. ఇంజను, గోదాము, కల్లం, బండి, ఎద్దు, అన్నీ కలిపి ఒకే బేరం.