గంగమణి వాంగ్మూలం

ఆర్మూర్ ప్రాంతానికి నేను సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ అయింది ఒక ఫిబ్రవరిలో, మార్కెట్‌కు కొత్త పసుపు రావడం మొదలైన రోజుల్లో. నెల తిరగకుండానే పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. నా కింద పనిచేసే ఒక ఎస్సై మీద ఫిర్యాదు ఉంది, ప్రాథమిక విచారణ జరిపి నివేదిక పంపమని. శాఖాపరమైన చర్య అవసరమా కాదా అన్నది ఈ విచారణతోనే తేలుతుంది.

ఫిర్యాదు చేసింది గంగమణి అనే బీడీ కార్మికురాలు. సీజన్‌లో ఒక కమీషన్ ఏజెంటు ఇంట్లో పసుపు ఏరడానికి పోయేది. ఆ ఇంట్లో బంగారు గొలుసు కనపడకపోతే ఎస్సై ఆమెను ఠాణాకు పిలిపించి, లాఠీతో చేతుల మీద కొట్టాడని ఫిర్యాదు. మూడో రోజు గొలుసు ఆ ఇంటి బీరువాలోనే దొరికింది. ఆమె కుడిచేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ సరిగా వంగలేదు. బీడీ చుట్టడానికి ఆ వేళ్లే కావాలి.

క్రిమినల్ కేసులో అయితే ఆడవాళ్లను సాక్ష్యం కోసం ఠాణాకు రప్పించకూడదు, ఇంటి దగ్గరే విచారించాలి. ఇది శాఖ లోపలి విచారణ కదా అనుకుని, నా వీలు చూసుకుని, అదే ఠాణాకు రమ్మన్నాను. ఎస్సైని గది బయట ఉండమన్నాను. నిష్పక్షపాతానికి అది చాలనుకున్నాను.

ఆమె కూర్చోలేదు. చేతులు కొంగులో పెట్టుకుని నిలబడింది. ఏం జరిగిందో చెప్పమని రెండుసార్లు అడిగాను.

"నాకేం చెప్పేది లేదు సార్. పోనియ్యుండ్రి," అంది.

అదే రాసుకున్నాను. సంతకం చేయబోతే పెన్ను ఆమె చేతిలో నిలవలేదు. చూశాను, నివేదికలో రాయలేదు. ఆరోపణ రుజువు కాలేదని ముగించాను.

ఏడాది తర్వాత ఆమె ఎస్సై మీద సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసింది. ఎస్సై తరఫు సాక్షిగా నన్నే పిలిచారు. వాంగ్మూలం ఎక్కడ తీసుకున్నారని ఆమె వకీలు అడిగాడు. ఠాణాలో అన్నాను. వేళ్ల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దావా కొట్టేశారు. తీర్పులో నా నివేదికను ప్రస్తావించారు.

కోర్టు మెట్ల దగ్గర గంగమణి ఎదురైంది. ఆమె గొంతులో కోపం లేదు.

"గా ఎస్సై సారు తలుపు అవతలనే ఉండె గద సార్. గాడ నేనెట్ల చెప్తా? ఇంటికొచ్చి అడిగితే చెప్తుంటి."



ఫిర్యాదు చేసిన మనిషి దగ్గరికి విచారణాధికారే వెళ్లాలి. నేను నేర్చుకున్నది ఇంతే. తర్వాత నాకు వచ్చిన ప్రతి విచారణకూ అలాగే వెళ్లాను. రెండింట్లో అధికారులకు శిక్ష పడింది. దానివల్ల గంగమణికి ఒరిగిందేమీ లేదు.