విడిచినవి, మాసినవి

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ తోటలో కలుపు తీసి ఇంటికొచ్చేసరికి శాంతమ్మ నడుము పట్టేసేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాకైనా కాసేపు నడుము వాల్చాలన్నదే ఆమె కోరిక. బట్టలు ఉతుక్కోవడానికి దొరికేదీ ఆ ఆదివారమే. అది చూడలేక కొడుకు శాంసన్ చేవెళ్ల నుంచి వాషింగ్ మిషన్ తెచ్చి, "ఇగ పండుకో అవ్వ" అన్నాడు.

పడుకోవడం కుదరలేదు. మిషన్ ఉతుకుతుంది గాని తడిబట్టలు డాబా మీదికి మోయదు, ఆరేయదు, మడతపెట్టదు. కోడలు ఎస్తేర్ నిండు మనిషి. మెట్లెక్కొద్దని చెప్పింది శాంతమ్మే. పైగా ఇంట్లో మనుషులు పెరగకుండానే, కొత్త బట్టలు కొనకుండానే, ఉతికేవి పెరిగాయి. వారానికోసారి ఉండే పని రోజువారీ అయింది.

ఒకనాడు శాంతమ్మ ఉతికే కుప్పలోంచి మనవరాలు ఆశా గౌను తీసి వాసన చూసింది. సబ్బు వాసన ఇంకా పోలేదు.

"ఇది మాసిందా బిడ్డా?"

"విడిచింది గద అత్తమ్మ. విడిచినంక యాడ పెట్టాలె?"

శాంతమ్మ గోడ వైపు చూసింది. మిషన్ వస్తుందని గదికి రంగు వేయించినప్పుడు దండెం ఊడదీశారు. ఒక పూట కట్టిన చీర, రేపటికి పనికొచ్చే చొక్కా ఇదివరకు దానిమీదే ఉండేవి. అది పోయాక విడిచినవన్నీ మాసినవే అయ్యాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. చేతికి అందే చోటు మిషన్ ఒక్కటే.

దండెం మళ్లీ కట్టమంటే శాంసన్ నవ్వాడు. "ఆ మిషన్‌తోని నీకేం పంచాది అవ్వ?" అంటూనే, కొత్త రంగు పెచ్చులూడుతున్నా మేకులు కొట్టాడు.

ఆ ఆదివారం చర్చికి కట్టిన తెల్లచీర విడిచి దండెం మీద వేసి, శాంతమ్మ చాప మీద వాలింది. కన్నంటుకుంది. లేచేసరికి దండెం ఖాళీగా ఉంది. మిషన్ తిరుగుతోంది.

"నిద్రవోతున్నవ్ గద, ఎందుకు లేపుడని నేనే ఏసిన అత్తమ్మ," అంది ఎస్తేర్ ప్రేమగా. "ఒక్క చీరెకు ఎందుకని మావి గూడ కలిపిన."

అంత ప్రేమను ఏమని కసురుకుంటుంది? శాంతమ్మ చాప మీదే కూర్చుని గోడకు ఆనుకుంది. మిషన్ ఆగేదాకే తనకు విశ్రాంతి. ఇంకాసేపు తిరిగితే బాగుండుననుకుంది.