ఆ చేప మీద కుళ్లు

దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, చెబుతాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయంటూ మా ఆయన్ని ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీకి రప్పించారు. ఆదివారాలు కూడా ఆఫీసే. నాకు సవతి ఉందంటే అది ఆ కంప్యూటరే. ఒక్కరోజు సెలవు దొరికితే, పొరుగింటి కెన్ అంకుల్ మమ్మల్ని కొండల్లోని ఏటికి తీసుకెళ్లాడు.

అక్కడ డిసెంబరులో ఎండలు మొదలవుతాయి. నీళ్లలోంచి రెక్కల పురుగులు లేస్తుంటే, ట్రౌట్ చేపలు పైకెగిరి మింగుతున్నాయి. అంకుల్ గాలానికి ఈకతో కట్టిన దొంగపురుగును విసిరి ఒకదాన్ని పట్టాడు. నేనేమో పులుసుకు చింతపండు ఎంత కావాలా అని చూస్తున్నాను. ఆయన చెయ్యి ఏట్లో ముంచి, నీళ్లు పోసిన పసిపిల్లను పట్టినట్టు చేపను పట్టి, గాలం తీసి వదిలేశాడు.

"పొడిచేత్తో ముట్టుకుంటే దాని ఒంటి జిగురు పోతుందట," అన్నారు మా ఆయన.

నాకు కళ్లు కుట్టాయి. "పెళ్లయ్యాక నన్నెప్పుడైనా అంత మెత్తగా పట్టుకున్నారా?"

"చేప మీద కుళ్లేమిటే!" ఆయన నవ్వి, చెయ్యి ఏట్లో ముంచి నా చెయ్యి అందుకున్నారు. మంచుముక్కలా ఉంది.

"వదిలెయ్యకండి," అన్నాను. "నేను చేపను కాను."

మీ ఇంట కూడా పట్టుకునే చేతులు మెత్తగా ఉండాలి తల్లీ, చల్లగా ఉండండి.