ఇరవై నాలుగు సాంచాల సినిమా

మా మేనకోడలు తీయాలనుకున్న సినిమా నిడివి పద్దెనిమిది నిమిషాలు. అందులో మాట ఒక్కటీ లేదు. దానికి డబ్బు పెట్టేవాళ్లను వెతుక్కుంటూ ఏడు రోజులు తిరిగాం, పదకొండు బస్సులు ఎక్కాం. చివరి రెండు బస్సులు నేనొక్కణ్నే ఎక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు ప్రతిసారీ సున్నా టికెట్టు, నాకు పైసల టికెట్టు. రెండు రకాలూ చొక్కా జేబులో దాచి, ఇంటికొచ్చాక వరుసగా పేర్చి చూసుకునేవాణ్ని. దానివల్ల ఒరిగేదేమీ లేదు, అలవాటు.

నేను సిరిసిల్లలో ఒక షెడ్డులో బట్ట కొలిచే మనిషిని. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. పద్నాలుగో ఏట సాంచా మీదికి వచ్చాను. చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది. మీటర్లు, పోగులు, షిఫ్టుకు ఎంత బట్ట దిగాలి, ఎంత దిగింది, ఇవన్నీ చూసి చూసి నేర్చుకున్నవే. ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. నీళ్లకు, చాయ్‌కి, పోగు తెగిందనడానికి, యజమాని వస్తున్నాడనడానికి, అన్నిటికీ సైగలున్నాయి. అంకెలకైతే పది వేళ్లు ఉండనే ఉన్నాయి. షెడ్డులో తప్పు పోకుండా చేరే మాట అంకె ఒక్కటే. నాకు లెక్కల మీద గురి కుదిరింది అందుకేనేమో.

షెడ్డు ఇంకో అలవాటు కూడా నేర్పింది. ఎదుటి మనిషి ఏదో చెప్తాడు. వినపడదు. తల ఊపుతాం. ఏం చెప్పాడో తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాం. ముప్పై ఏడేళ్లు అలా తల ఊపాను. చెవులు ఎప్పుడు మందగించాయో సరిగ్గా చెప్పలేను. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదవులు చూసి పట్టుకుంటాను. బట్ట కొలవడానికి చెవులతో పని లేదు కాబట్టి గడిచిపోయింది.

మేనకోడలు జగిత్యాలలో పెళ్లి వీడియోలు తీస్తుంది, ఎడిటింగ్ కూడా తనే. ముప్పై దాటింది. ఆమె చిన్నప్పుడు వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, మా షెడ్డులోనే సాంచాలకు నూలు కండెలు చుట్టేది. సినిమా కథ అక్కడిదే. ఒక మొగుడూ పెళ్లాం, ఇంట్లో ఏడాదిగా మాటల్లేవు. ఆయన సాంచా నడుపుతాడు, ఆమె కండెలు చుడుతుంది. షెడ్డులో పని కోసం చేతులతో మాట్లాడుకోక తప్పదు. పని మాటల్లో మెల్లగా వేరే మాటలు కలుస్తాయి. చివరికి షెడ్డు మూతపడుతుంది. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఇక ఆ ఇద్దరికీ మాట్లాడుకునే జాగా లేదు. అంతే.

సాంచాలు ఆగడం కథలోనే కాదు. మా యజమాని ఇరవై నాలుగింటినీ పాత ఇనుము కింద బేరం పెట్టాడు. నెల తిరిగేలోపు తూకం వేసి తీసుకెళ్తారు. సినిమా ఆ లోపే తీయాలి, లేకపోతే లేదు. కెమెరా ఆమెదే. రెండు రోజులు సాంచాలన్నీ ఆడాలంటే నూలు, కరెంటు, మనుషుల కూలి కావాలి. ఆ ఖర్చు లెక్క నేను తెల్లకాగితం మీద వేసి ఇచ్చాను. అడగడానికి వెళ్లేటప్పుడు నన్ను వెంట రమ్మంది. పైసల మాట తనకు రాదంది.

జగిత్యాలలో మొదట ఎరువుల దుకాణం ఆయన్ని కలిశాం. ఆయన కూతురి పెళ్లి వీడియో ఈమే తీసింది. కథ చెప్తుంటే ఆమె చేతులు వాటంతటవే కదులుతాయి. ఆయన ఆ చేతుల్నే చూస్తూ విన్నాడు.

"కథ మంచిగనే ఉన్నది బిడ్డా. మరి పైసలు తిరిగి ఎట్ల అస్తయి?"

ఆమె నోరు తెరిచేలోపు నేను కాగితం ఆయన వైపు తిప్పాను. "రావు సార్."

"రావా?"

"మాటలు లెవ్వు, పాట లేదు, కామెడీ లేదు. ఎట్ల లెక్కేసినా చాయ్ పైసలే ఎల్తయి."

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "నీ లెక్క నాకు నచ్చిందే. గని గీ లెక్క వట్టుకొని నా దుకాణంకెందుకచ్చినవ్?" నవ్వుతూనే అన్నాడు. చాయ్ తెప్పించాడు.

బస్టాండులో మేనకోడలు, "ఆయిన అడుగుడే ఆలస్యం, సున్నా ముంగటవెడ్తివి గదా మామా" అంది.

"అబద్ధం చెప్పాల్నా బిడ్డా?"

"అబద్ధం వద్దు. జర లేటుగ చెప్పు."

ఆ తర్వాత మెట్‌పల్లిలో పసుపు వ్యాపారి మమ్మల్ని రెండు గంటల పది నిమిషాలు కూర్చోబెట్టి, పంట అమ్ముడుపోయాక రమ్మన్నాడు. కొడిమ్యాలలో మస్కట్ నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న ఒకాయన కథ మొత్తం విని, "పన్నెండేండ్లు మాటలు లేకుంటనే బతికిన చెల్లె. మళ్ల పైసలు వెట్టి అదే సూడాల్నా?" అన్నాడు.

ఆరో రోజు కోరుట్ల. అక్కడ ఒక ఫంక్షన్ హాలు యజమాని ముందే ఫోన్లో సగం ఒప్పుకున్నాడు. మేము వెళ్లేసరికి హాల్లో రిసెప్షన్‌కు పెద్ద సౌండు డబ్బాలు పెట్టి పాటలు పరీక్షిస్తున్నారు. నేల అదురుతోంది. ఆయన మా ఇద్దరి మధ్య నిలబడి, స్టేజీ వైపు చూస్తూ మాట్లాడాడు. ముఖం అటు ఉంటే నాకు పెదవులు అందవు. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి ఆగాడు. ఏదో అడిగాడని అర్థమైంది. తల ఊపాను. మళ్లీ అడిగాడు, ఊపాను. మూడోసారి కూడా. ఆయన నా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు. కాగితం మీది మొత్తం తనే ఇస్తానన్నాడు. అది మాత్రం ఎదురుగా కూర్చుని అన్నాడు. పప్పు, గుడ్డు కూరతో అన్నం పెట్టించాడు. ఆరు రోజుల్లో కడుపు నిండా తిన్నది ఆ పూటే.

తిరుగు బస్సులో మేనకోడలు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను. జగిత్యాల బస్టాండులో దిగాక బెంచీ మీద నాకు ఎదురుగా తిరిగి అడిగింది.

"ఎందుకొప్పుకున్నవ్ మామా?"

"ఏం ఒప్పుకున్న?"

"సినిమాల మాటలు రాయాలె. పాట వెట్టాలె. ఆఖర్ల మొగడు దుబాయ్ పోయి బంగారం తెచ్చి, ఆయిన హాల్లనే దావతు చెయ్యాలె. మూడుసార్లు నిన్నే అడిగిండు. మూడుసార్లు తలకాయ ఊపితివి."

"నువ్వన్నా కాదనకపోతివా?"

"పెద్దోనివి ఊపినంక నేను మధ్యల ఏం మాట్లాడుదును? తిరిగి తిరిగి నీకు యాష్టకచ్చి ఇడిసిపెట్టినవనుకున్న."

ఇక దాచి లాభం లేదు. "నాకు ఇనవడలే బిడ్డా."

"గా డబ్బాల మోతల ఎవలికి ఇనవడ్తది?"

"మోత లేకున్నా ఇనవడది. ఐదారేండ్లయితంది."

ఒక బస్సు వచ్చి నిండి వెళ్లిపోయింది. "అమ్మ గూడ గిట్లనే ఊపేది" అంది ఆమె. "గీ సైగల మీదనే సినిమా రాసిన. పక్కన కూసున్న నిన్ను గుర్తువట్టకపోతి." తర్వాత లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "పోనీ తియ్ మామా. వేరే పైసలు లెవ్వు. మాటలు రాస్త."

ఆ "రాస్త" అన్నప్పుడు ఆమె చేతులు కదల్లేదు. నేను అది చూశాను.

మర్నాడు ఆమెకు చెప్పకుండా కోరుట్ల వెళ్లాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఫోన్లో జవాబు నాకు వినపడదు. హాల్లో నేల కడుగుతున్నారు. యజమానిని కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చోమని అడిగాను. వింతగా చూస్తూనే కూర్చున్నాడు.

"నిన్న నేను తల ఊపింది మీ మాటకు కాదు సార్. నాకు ఇనవడలే. సాంచాలల్ల పనిచేసెటోళ్లం, ఇనవడకున్నా ఊపుతం."

"మూడుసార్లు ఊపినవ్ గదనే."

"ముప్పైసార్లు అడిగినా ఊపుదును."

ఆయన గట్టిగానే నవ్వాడు. "సరే. ఇప్పుడైతే ఇనవడ్డది గద. ఇప్పుడు ఊపు మరి."

మెడ బరువుగా ఉంది. ఆ సినిమాకు ఉన్న పైసలు అవే. "ఊపను సార్. మాటలు వెడితే అది మా పోరి సినిమా కాదు."

"అయితే నేను గూడ ఊప" అన్నాడు. కోపం ఏమీ లేదు. వెళ్లేటప్పుడు ఇడ్లీ తిని పొమ్మన్నాడు. తిన్నాను.

చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమెను అడగకుండానే ఒప్పుకున్నాను, ఆమెను అడగకుండానే కాదన్నాను. రెండు తప్పులు కలిపితే ఒక ఒప్పు కాదని లెక్కలు వచ్చినవాడికి తెలియాలి. విషయం చెప్తే ఆమె "మంచిది" అని ఫోనులో ఒక్క ముక్క పంపింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఐదో రోజు నేనే కబురు చేశాను. ఇనుము కొనేవాళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. పదిహేను సాంచాలు విప్పి తీసుకెళ్లారు. తొమ్మిది మిగిలాయి. షెడ్డు యజమానిని ఒక్క పూట ఇమ్మని అడిగాను. "బీముల మీద మిగిలిన నూలు ఎంతుంటే అంత ఆడించుకో. కరెంటు నేను సూసుకుంట. ఎల్లుండి పొద్దుగాల లారీ అస్తది" అన్నాడు.

మేనకోడలు మర్నాడు పొద్దున ఏడింటికే కెమెరాతో దిగింది. ఖాళీగా ఉన్న పాత కార్మికులు ఐదుగురు వచ్చారు, కూలి అడగలేదు, అడిగినా నా దగ్గర లేదు. మొగుడూ పెళ్లాం వేషాలు వాళ్లలోనే ఇద్దరు వేశారు. సైగలు ఎవరికీ నేర్పాల్సిన పని పడలేదు. షెడ్డులో ఖాళీ అయిన పదిహేను జాగాల్లో నూనె మరకలు మాత్రం ఉన్నాయి. కెమెరా అటు తిరగకుండా చూసుకుంటూ మధ్యాహ్నం దాకా తీసింది.

చివరిది సాంచాలు ఆగే దృశ్యం. నేను స్విచ్చుల దగ్గర నిలబడ్డాను. ఆమె చెయ్యి ఎత్తినప్పుడల్లా ఒకటి ఆపాను. చెప్పుల్లేని కాళ్లకు నేల అదురు తగ్గుతూ తెలుస్తోంది. ఎనిమిది, ఏడు, ఆరు. తొమ్మిదోది కూడా ఆగింది. అందరూ కదలకుండా ఉన్నారు. నా చెవుల్లో మాత్రం ఇరవై నాలుగూ ఆడుతూనే ఉన్నాయి.

ఆమె కెమెరా వెనక నుంచి నా వైపు తిరిగి ఏదో అంది. వెలుతురు ఆమె వెనక ఉంది, పెదవులు కనపడలేదు. మెడ అప్పటికే వంగబోతోంది. పట్టి ఆపుకున్నాను.

"ఏమన్నవ్ బిడ్డా? ఇనవడలే."

ఆమె కెమెరా వదిలి, చెయ్యి పైకెత్తి వేళ్లు తిప్పింది. మళ్లీ తీయొచ్చా అని. నేను బీముల దగ్గరికి వెళ్లి, ఒక్కోదాని మీద మిగిలిన నూలు తడిమి చూశాను. వెనక్కి తిరిగి ఒక వేలు చూపించాను.